డ్రూయిట్‌ను జాక్ ద రిప్పర్ అనడం న్యాయమేనా?

లెగ్‌బై:
1888లో లండన్ వైట్‌చాపెల్ పేటలో వరుస హత్యలు చేసి, ఎవరో తేలకుండానే పోయిన హంతకుడికి పెట్టిన పేరే జాక్ ద రిప్పర్. ఆ హత్యల అనుమానితుల్లో మాంటేగ్ జాన్ డ్రూయిట్ పేరు ఎప్పుడూ పైనే ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ చదువు, 1885లో బారిస్టర్, బ్లాక్‌హీత్‌లో బడిపంతులు, ఎంసీసీ అనే లండన్ క్రికెట్ క్లబ్బు సభ్యుడు. హత్యలు జరిగిన 1888 ఆగస్టులోనే బోర్న్‌మత్ జట్టు తరఫున, ఇంగ్లండ్ వెళ్లిన మన పార్సీల క్రికెట్ జట్టు మీద అయిదు వికెట్లు తీశాడు (గెలిచింది మాత్రం పార్సీలే). డిసెంబరు 31న థేమ్స్ నదిలో శవమై దొరికాడు, జేబుల్లో రాళ్లు. ఇతను పోయాడు, హత్యలు ఆగాయి కాబట్టి ఇతనే హంతకుడట! నాకు అన్యాయంగా తోస్తోంది.

పాతపేపర్:
అన్యాయం ఏముందండీ? స్కాట్లండ్ యార్డ్ (లండన్ పోలీసు) అధికారి మెల్విల్ మెక్‌నాటన్ 1894 నోటులో రాసిన ముగ్గురు అనుమానితుల్లో మొదటివాడు ఇతనే. సొంతవాళ్లే అనుమానించారని తనకు తెలిసిందన్నాడు. ఊరికే రాస్తాడా?

ప్లీడర్‌గిరీ:
అదే నోటు ఇతన్ని డాక్టరంది. చిత్తుప్రతిలో వయసు 41. పోయేనాటికి అతనికి 31, చేసింది వకాలత్. మెక్‌నాటన్ పోలీసుశాఖలో చేరిందే 1889లో. నోటులో మూడోవాడు ఆస్ట్రోగ్ ఆ రోజుల్లో ఫ్రాన్సు జైల్లో ఉన్నాడని తర్వాత తేలింది. దర్యాప్తులో తిరిగిన ఇన్‌స్పెక్టర్ ఆబర్లైన్ అయితే, ఆ సమయంలో శవం దొరకడం తప్ప ఇంకే ఆధారమూ లేదని 1903లో కొట్టిపారేశాడు. ఎవరో చెప్పగా విన్న మాటను ఏ జడ్జి తీసుకుంటాడు?

లెగ్‌బై:
స్కోరుకార్డులు కూడా ఉన్నాయి. సెప్టెంబరు 8 తెల్లవారుజామున ఆనీ చాప్‌మన్ హత్య. ఆ పొద్దున పదకొండున్నరకు డ్రూయిట్ బ్లాక్‌హీత్ రెక్టరీ ఫీల్డ్‌లో మ్యాచ్ ఆడుతున్నాడు.

పాతపేపర్:
మధ్యలో అయిదారు గంటలున్నాయి. ఇల్లు చేరి, స్నానం చేసి, తెల్లబట్టలేసుకుని దర్జాగా దిగొచ్చు. ఆగస్టు 31న నికల్స్ హత్య, మర్నాడు డోర్సెట్‌లో మ్యాచ్. అదీ అంతే. స్కోరుకార్డు పగటికి సాక్ష్యం గానీ రాత్రికి కాదు.

ప్లీడర్‌గిరీ:
సరే, అవి అలిబీ (హత్య వేళకు వేరేచోట ఉన్నాడన్న రుజువు) కావు. అయితే మాత్రం? నేరం రుజువు చేయాల్సింది మీరు. చావుకు కారణాలు వేరే కనబడుతూనే ఉన్నాయి. జూలైలో తల్లిని పిచ్చాసుపత్రిలో చేర్చారు. నవంబరు చివర్లో బడి ఉద్యోగం పోయింది. శుక్రవారం నుంచి తానూ అమ్మలా అయిపోతాననిపిస్తోందని చీటీ రాసిపెట్టాడు. ఇంటి బాధను పట్టుకుని అయిదు హత్యలు అంటగట్టారు.

మౌనపాఠకురాలు:
అసలు చిక్కు ఆ బడి దగ్గరే ఉంది. అక్కడేదో పెద్ద గొడవలో పడ్డాడని తప్ప పత్రికలు వివరం రాయలేదు. ఆ ఖాళీని ఎవరికి తోచింది వాళ్లు పూరించుకున్నారు. జేబులో 50, 16 పౌన్ల చెక్కులు రెండు, డిసెంబరు 1 నాటి రిటర్న్ టికెట్టులో సగం దొరికాయి. చావాలని బయల్దేరినవాడు రానూపోనూ టికెట్టు కొంటాడా అన్నది నా అనుమానం.

ప్లీడర్‌గిరీ:
దానికి జవాబు ఏదైనా, రిప్పర్ అనడానికి పనికిరాదు కదమ్మా.

పాతపేపర్:
మీరెన్ని చెప్పినా, పరువుగల కుటుంబం సొంత బిడ్డనే అనుమానించిందన్న మాట నన్ను వదలట్లేదు. ఆ మాట మెక్‌నాటన్‌కు ఎవరు చేరవేశారో తేలేదాకా నా లిస్టులోంచి డ్రూయిట్‌ను తీసేయను.