రమ్మీనోస్ టెట్రాల ముక్కు ఎరుపు తిరిగి రావడం లేదు, ఆర్‌ఓ నీళ్లు ఎంత కలపాలి?

మా 100 లీటర్ల అక్వేరియం ట్యాంకులో 12 రమ్మీనోస్ టెట్రాలు (ముక్కు ఎర్రగా ఉండే చిన్న చేపలు) ఉన్నాయి. తోడుగా అడుగున తిరిగే కోరిడోరాస్ చేపలు కొన్ని, అంతే. చాలా రోజులుగా టెట్రాల ముక్కు మీది ఎరుపు వెలిసిపోయి లేత గులాబీ రంగులో ఉంటోంది. ఉదయం లైటు వేయగానే పాలిపోయి ఉండటం మామూలేనని తెలుసు. కానీ కాసేపటికి మళ్లీ ఎర్రబడాలి కదా, ఇప్పుడు సాయంత్రమైనా రావడం లేదు. గుంపుగా ట్యాంకంతా తిరిగేవి కాస్తా ఫిల్టర్ పక్కన మూలకు చేరి, తోకలు మాత్రం ఆడిస్తూ అక్కడే ఉండిపోతున్నాయి. మేత వేస్తే వచ్చి తింటాయి, మళ్లీ మూలకే. ఒంటి మీద తెల్ల చుక్కలు, బూజు లేవు. రెక్కలు చిరగలేదు. పైకొచ్చి గాలి పీల్చడం లేదు. కోరిడోరాస్ మాత్రం హాయిగా ఉన్నాయి.

టెస్ట్ కిట్‌లో అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10 పీపీఎం, పీహెచ్ 7.8, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల నీటికి వచ్చే హార్డ్‌నెస్) 15, కేహెచ్ (కార్బొనేట్ హార్డ్‌నెస్) 10. నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, రాత్రయినా మారదు.

వారం వారం పావు వంతు నీళ్లు క్లోరిన్ తీసేసి మారుస్తున్నాను. లైటు తగ్గించాను, మొక్కలు ఒత్తుగా పెట్టాను, ఎయిర్ స్టోన్ కూడా పెట్టి చూశాను. ఏమీ తేడా లేదు. జబ్బేమిటో తెలియకుండా మందులు వేయడం నాకిష్టం లేదు, ఇవి అసలే సున్నితమైన చేపలు.

అమెజాన్ ప్రాంతంలో ఇవి ఉండేది హార్డ్‌నెస్ తక్కువగా, కొంచెం ఆమ్ల గుణంతో ఉండే నీళ్లలో. అందుకే నా అనుమానమంతా జీహెచ్ మీదే. లవణాలు దాదాపు లేని ఆర్‌ఓ నీళ్లు కలుపుదామంటే, ఒక్కసారిగా మార్పు వస్తే ఆ షాక్‌కే పోతాయేమోనని టెన్షన్.

ఇంత హార్డ్‌నెస్ నుంచి ఆర్‌ఓ నీళ్లతో జీహెచ్ తగ్గించి రమ్మీనోస్‌ను నిలబెట్టుకున్నవారు చెప్పండి: నీళ్లు మార్చిన ప్రతిసారీ ఎంత శాతం ఆర్‌ఓ కలిపారు?