గన్నేరు అనే పేరు ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళు చెప్పరా ప్లీజ్

అందరికీ నమస్తే అండి. మా ఇంటి గేటు పక్కన ఎర్ర గన్నేరు చెట్టు ఉంది, ఏడాది పొడుగునా ఆకు పచ్చగానే ఉంటది, పూలు రోజూ శివుడికి పెడతాం. మొన్న మా పాప దాని ఆకు తుంచి నోట్లో పెట్టుకోబోయింది, పరిగెత్తి లాక్కున్నా, ఇప్పటికీ గుండె దడ తగ్గలేదు. ఆకు, పువ్వు, కొమ్మ, పాలు అంతా విషమేనంట, ఓలియాండ్రిన్ అని ఒకటి ఉంటదంట, అది గుండె కొట్టుకోవడాన్నే దెబ్బతీస్తదని చదివా.

అలా చదువుతుంటే పేరు మీద పడింది నా మనసు. సంస్కృతంలో కరవీరం అంటారు, ఇంకో పేరు అశ్వమారకం, అంటే గుర్రాల్ని చంపేదని, అది అర్థమైంది. హిందీలో కనేర్. మరి మన గన్నేరు కరవీరం నుంచే మారుతూ వచ్చిందా, లేక మన సొంత మాటేనా? మా మామయ్య ఏమో ఏటి ఒడ్డున పెరుగుతది కాబట్టి చివర 'ఏరు' వచ్చిందంటాడు, నాకు నమ్మబుద్ధి కావట్లేదు. కానీ దాని శాస్త్రీయ నామం నీరియం కూడా తడి, నీళ్ళు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చిందంటారు, వాగుల పక్కన పెరుగుతదనే! ఇది ఊరికే కలిసొచ్చిందేనా?

ఇంకోటి, పచ్చ గన్నేరు, బిళ్ళ గన్నేరు, దేవ గన్నేరు వేరే మొక్కలు కదా, అన్నిటికీ గన్నేరు అనే ఎందుకు పెట్టారు? పాత నిఘంటువులు చూసినవాళ్ళుంటే చెప్పండి. అలాగే చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ చెట్టు ఉంచొచ్చా, కొట్టించెయ్యాలా?