ఇగువానా అసలు రంగు, కంటి ఫోకస్ ఫొటోలో సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

విజయవాడలోని మా ఇంట్లో పెంచుకుంటున్న గ్రీన్ ఇగువానాను (పెద్ద బల్లి లాంటి సరీసృపం) ఉన్నది ఉన్నట్లు ఫొటో తీయడానికి అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. దాని చర్మంలో వచ్చే మార్పులను పాత ఫొటోలతో పోల్చి పశువైద్యులకు చూపించాలన్నది నా ఉద్దేశం కనుక, ఫొటో అందంగా ఉండడం కంటే రంగు నిజంగా ఉండడమే నాకు ముఖ్యం.

దాని గూటిలో వెచ్చదనం కోసం పెట్టిన బల్బు వెలుగు పసుపుగానూ, అతినీలలోహిత కిరణాల ట్యూబు వెలుగు నీలంగానూ ఉండడం వల్ల, గ్రే కార్డుతో (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుకు తగ్గట్టు కెమెరాలో చేసే సర్దుబాటు, సరిచేసినా ఒక పక్క పొలుసులు చిగురాకు రంగులో, మరో పక్క బూడిద రంగులో వస్తున్నాయి. బల్బు ఆర్పితే ఈ తేడా పోతుంది కానీ, ఒళ్లు చల్లబడే కొద్దీ ఇగువానా చర్మం ముదురు రంగుకు తిరుగుతుంది కాబట్టి ఆ ఫొటోను పోలికకు వాడలేను. ఉదయం బాల్కనీ నీడలో తీయడమే మేలా, లేక తెల్లని గుడ్డ అడ్డుపెట్టి ఫ్లాష్ వాడవచ్చా? ఫ్లాష్ వల్ల అది బెదిరిపోతుందేమోనన్నదే నా ఆందోళన.

ఇక బాగా దగ్గరి నుంచి తీసేందుకు వాడే 100 ఎం.ఎం. మాక్రో లెన్స్‌తో ఎఫ్/8 వద్ద (లెన్స్ రంధ్రం కొలత; ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదై ఎక్కువ లోతు స్పష్టంగా వస్తుంది) కన్ను స్పష్టంగా వస్తే మూతి మసకబారుతోంది. ఎఫ్/16కు వెళ్లి ఐ.ఎస్.ఓ. (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచితే పొలుసుల సన్నని గీతలు చెరిగిపోతున్నాయి. కొంచెం దూరం జరిగి తీసి, తర్వాత కత్తిరించుకోవడం మంచిదా? సరీసృపాలను ఫొటోలు తీసే అలవాటున్నవారు తమ పద్ధతిని, లైట్లు అమర్చే తీరును దయచేసి వివరంగా తెలియజేయగలరు.