సైన్స్ ప్రదర్శనలో ప్రతిసారీ అదే ముగ్గురికి షీల్డులు. ఈ పద్ధతి మార్చడం ఎలా?

సైన్స్ టీచర్:
మా స్కూల్లో ఏటా సైన్స్, టెక్నాలజీ ప్రదర్శన పెట్టి చివర్లో తల్లిదండ్రుల ముందు బహుమతులిస్తాం. మూడు స్థానాలు, షీల్డు, ఫొటో, అంతే. ఎవరి మోడల్ మెరిసిపోతే వాళ్లకే ఇస్తారని పిల్లలకు కూడా తెలిసిపోయింది. ఈసారి ఒకమ్మాయి మట్టిలో తేమ తగ్గగానే మోటారు ఆన్ అయ్యే సర్క్యూట్ చేసింది, తీరా ప్రదర్శన రోజు అది పనిచేయలేదు. కానీ ఆ పిల్ల నోట్‌బుక్ చూడాలి! సెన్సర్ రీడింగులు రోజురోజుకీ ఎలా తేడా వస్తున్నాయో రాసుకుంటూ పోయి, మట్టిలో గుచ్చిన లోహపు ప్రోబ్‌లు తుప్పు పట్టడమే కారణమని తనంతట తనే పట్టుకుంది. జడ్జీలు ఆ నోట్‌బుక్ తెరవనే లేదు. ఇలాంటి పనికి అందరి ముందు పేరు రావాలి, కానీ జాలిపడి ఇచ్చినట్టు ఉండకూడదు. పాల్గొన్నవాళ్లందరికీ సర్టిఫికెట్ పంచడం నాకు ఇష్టం లేదు. మీరైతే ఏం చేస్తారు?

ప్రదర్శనలకు జడ్జిగా వెళ్తుంటాను:
ముందు జడ్జింగ్ మార్చండి, బహుమతుల సంగతి తర్వాత. 1950 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్ ఐసెఫ్‌లో జడ్జీలు బోర్డు దగ్గర నిలబడి విద్యార్థితో నేరుగా మాట్లాడతారు. నేను ఎక్కడికెళ్లినా అడిగేవి ఇవే: ఎక్కడ తేడా కొట్టింది, అప్పుడు ఏం మార్చావు, ఇంకో నెల టైమిస్తే ఏం చేస్తావు? ఇంట్లో పెద్దవాళ్లు చేసిచ్చిన మోడల్ మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది. అన్నట్టు, ప్రోబ్‌లకు ఆపకుండా డీసీ కరెంట్ వెళ్తుంటే ఎలక్ట్రోలిసిస్ వల్ల, అంటే కరెంట్‌తో జరిగే రసాయన చర్య వల్ల, వాటి లోహం అలాగే కరిగిపోతుంది, రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే పవర్ ఇవ్వమని ఆ అమ్మాయికి చెప్పండి. నాకు తెలిసి ఈ సలహా తనకు షీల్డుకంటే ఎక్కువ నచ్చుతుంది.

ఒలింపియాడ్ పిచ్చోణ్ణి:
జాలి అనిపించకుండా ఉండాలంటే రూల్ ముందే ఉండాలండీ. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో 6 ప్రశ్నలు, ఒక్కోదానికి 7 మార్కులు, పతకాలు దాదాపు సగం మందికే వస్తాయి. అయితే పతకం రాకపోయినా ఏదో ఒక ప్రశ్నకు పూర్తిగా 7 తెచ్చుకుంటే గౌరవ ప్రస్తావన ఇస్తారు. దాన్ని ఎవరూ ఓదార్పు బహుమతి అనుకోరు, ఎందుకంటే ఆ ప్రశ్నను ఆ కుర్రాడు నిజంగా సాధించాడు. మీరు కూడా 'తప్పును కారణంతో సహా పట్టుకున్నవాళ్లకు' అని ఒక విభాగం పెట్టి సంవత్సరం మొదట్లోనే ప్రకటించండి.

ఇద్దరు పిల్లల తల్లిని:
ముందే ప్రకటించడం దగ్గర నాకు కొంచెం అభ్యంతరం ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత వాళ్లు ఖాళీ సమయంలో గీయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. నోట్‌బుక్‌కు కూడా బహుమతి అంటే రేపట్నుంచి బహుమతి కోసం నోట్‌బుక్ రాసేవాళ్లు తయారవుతారు. ఇంకోటి, స్టేజీ ఎక్కడమంటేనే టెన్షన్ పడే పిల్లలుంటారు, మా చిన్నది అలాంటిదే. పిలిచే ముందు ఒకసారి అడగండి.

ఒలింపియాడ్ పిచ్చోణ్ణి:
అమ్మా, ఆ ప్రయోగంలో ఉన్నవాళ్లు నర్సరీ పసిపిల్లలు, గీయడం వాళ్లకు ఆట. హైస్కూలు పిల్లలకు దేనికి విలువిస్తారో చెప్పకపోతే మెరిసే మోడల్‌కే అనుకుంటారు, ఇప్పుడు జరుగుతున్నది అదే కదా. కానీ స్టేజీ సంగతి మీరన్నదే కరెక్ట్.

సైన్స్ టీచర్:
అందరికీ థాంక్సండీ. విభాగం పేరు, రూలు ముందే చెప్తాను. ఎవరికిస్తామో మాత్రం చివరిదాకా చెప్పను. స్టేజీ మీద ఉత్త పేరు చదవకుండా, 'రీడింగులు తప్పడానికి ప్రోబ్‌ల తుప్పే కారణమని కనిపెట్టినందుకు' అని చేసిన పని పూర్తిగా చదివిస్తాను. ఒక్క అనుమానం, జడ్జి గారూ, మీ మూడు ప్రశ్నలు పిల్లలకు ముందే చెప్పేయొచ్చా?

ప్రదర్శనలకు జడ్జిగా వెళ్తుంటాను:
నిక్షేపంగా చెప్పండి. పనిచేసిన పిల్లల దగ్గర జవాబులుంటాయి, చేయనివాళ్లు బట్టీ పట్టినా రెండో మాటకే ఆగిపోతారు. గోడకు అంటించేయండి ఆ ప్రశ్నలు.