సమస్య: పుట్టగొడుగు లేక పువ్వు లేదు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది పద్యం, నాలుగో పాదం ఇచ్చేశా, పై మూడూ మీరు పూరించాలి. పువ్వెక్కడ, గొడుగెక్కడ అంటారా, అందుకేగా దీన్ని సమస్య అన్నది.

కొప్పులోమల్లె:
రెండు కలిపి కొన్న రేటు తగ్గును బావ
విడిగ నమ్మననియె వీధి కొట్టు
కూర వద్దటంచు కొప్పుకే యడిగితే
పుట్టగొడుగు లేక పువ్వు లేదు
కొట్టువాడి మాటగా లాగేశా, తిట్టకండి.

నిర్వాహకుడు: హాయిగా నవ్వుకున్నానమ్మా. గణాలూ యతీ కుదిరాయి, కానీ సమస్యని కొట్టువాడి నెత్తిన పెట్టి తప్పించుకున్నారు.

వానపాము: నాకు ఒక్క పాదమే వచ్చింది. "ఉరుము వినిన రేయి పుట్టును పుట్టపై"

పాతపంతులు: తమ్ముడూ, ఉకారానికి పు యతి చెల్లదు, "రేయి నుదయించు పుట్టపై" అను, సరిపోతుంది. ఇంకోటి, పుట్టకొక్కులు, అదే పుట్టమీది గొడుగులు, ఉరుముకి పుట్టవు. చెదలు పుట్టలోపల పెంచుకునే బూజుతోట అది, వాన తడి తగిలితే తల బయటపెడుతుంది.

దుంపరాజు:
దుమ్మువంటి విత్తు, తోడు తిండియు లేదు
బూజుపోగు వచ్చి బువ్వ పెట్టె
ఆర్కిడమ్మకపుడె యాకు పుట్టెను గాదె
పుట్టగొడుగు లేక పువ్వు లేదు
1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచాయన ఆర్కిడ్ అనే పూలమొక్క మొలకల్లో ఈ పోగుల్ని చూసి, గింజ మొలవాలంటే బూజు సాయం కావాలని పట్టుకున్నాడు.

కొప్పులోమల్లె: బువ్వ పెట్టె! ఆ ఒక్క మాటకే నా ఓటు. మరి మా పెరట్లో ఆవపువ్వుకి ఏ బూజు పెట్టింది?

పాతపంతులు: ఆవ జాతి ఆ పొత్తు పెట్టుకోదులే, పద్యం ఆర్కిడ్ వరకే. నా అభ్యంతరం వేరు. సమస్య గొడుగు అడిగింది, నువ్వు బూజుతో సరిపెట్టావు. ఆర్కిడ్లకి తోడుండే బూజులన్నీ గొడుగు విప్పవు కదా?

దుంపరాజు: విప్పేవి ఉన్నాయి గురువుగారూ. చైనా వాళ్ళు మందుకి వాడే గాస్ట్రోడియా అనే ఆర్కిడ్ ఉంది, దాని గింజ మొలవడానికి మైసీనా, తర్వాత దుంప ఊరడానికి ఆర్మిలారియా, రెండూ అసలుసిసలు గొడుగులే.

పాతపంతులు: దానికి పచ్చటి ఆకే ఉండదుగా, నీ మూడో పాదం పోయింది!

దుంపరాజు: అయ్యో, అవును. ఇలా మారుస్తా: "ఆకులేని మొక్కకన్నమే గొడుగట"

వానపాము: నేను "అన్నమే" బదులు "కన్నమే" అని చదివా, దొంగలు వేసే కన్నం 😂

పాతపంతులు: అలాగే ఉంచు. గొడుగు పోగులు దుంపలోకి వస్తే ఆ మొక్క వాటినే అరాయించుకుంటుంది, తిరిగి ఇచ్చేదేమీ కనబడదు. బువ్వ పెట్టిన ఇంటికే కన్నం.