అభ్రగపతిం... బన్నింపడా, మన్నింపడా?

పాతపలక:
నిన్న రాత్రి మా అమ్మాయీ నేనూ డిస్నీ వాళ్ల 1997 నాటి ‘హెర్క్యులీస్’ చూస్తూ పందెం వేసుకున్నాం. ఎవరు ఎక్కువ తప్పులు పడితే డబ్బాలో మిగిలిన ఆఖరి జంతిక వాళ్లది. గ్రీకు పురాణాలు తను నాకన్నా ఎక్కువ చదివింది. మొదటి పాటలోనే “కళాదేవతలు తొమ్మిది మంది నాన్నా, ఇక్కడ ఐదుగురే ఉన్నారు” అని ఒక గీత గీసేసింది. అంతలో జ్యూస్ గారు ఆ మబ్బు కాస్తా ఈ మబ్బు కాస్తా చపాతీ పిండిలా కలిపి, పిసికి, రెక్కల గుర్రాన్ని చేసి ఉయ్యాల్లో బిడ్డకి ఇచ్చాడు. నా నోట్లోంచి అప్రయత్నంగా పోతన గజేంద్రమోక్షంలోని “సిరికిం జెప్పఁడు” పద్యం ముక్క, “అభ్రగపతిం...” అని వచ్చింది. వచ్చి ఆగిపోయింది. తర్వాత మాట బన్నింపడా, మన్నింపడా? రాత్రంతా నిద్ర లేదు. పనిలో పని, అక్కడ అభ్రం అంటే మబ్బా, ఆకాశమా?

కృష్ణ ఒడ్డు:
“పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం బన్నింపఁ డాకర్ణికాం”. బన్నింపడే. పతిన్ + పన్నింపడు, సరళాదేశం, ‘న్’ తర్వాత ‘ప’ కాస్తా ‘బ’ అయింది. ఇందులో నిద్ర పోగొట్టుకునేది ఏముంది?

అటకెక్కిన పుస్తకం:
అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా బామ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు చదివేది, “అభ్రగపతిన్ మన్నింపఁడు” అని. అర్థం కూడా అదే బాగుంటుంది. ఎదురుగా గరుత్మంతుడు నిలబడి ఉన్నా పట్టించుకోలేదు అని. పన్నించడం ఏమిటి, కుట్రా?

యతిమైత్రి:
బామ్మగారికి నమస్కారం. కానీ ఇది మత్తేభ వృత్తం, యతి పద్నాలుగో అక్షరం, అంటే పాదం మొదటి అక్షరంతో అది కుదరాలి. వేళ్లమీద లెక్కపెట్టండి: ప, రి, వా, రం, బు, నుఁ, జీ, రఁ, డ, భ్ర, గ, ప, తిం, బ. మొదటి ‘ప’కి పద్నాలుగో ‘బ’ చక్కగా కుదిరింది. అక్కడ ‘మ’ పెడితే దేనితో కుదురుస్తారు? ముకారయతి, అంటే ‘ము’కి ‘పు’, ‘బు’ల పొత్తు, అందామంటే రెండు చోట్లా ఉకారం లేదు. ‘ప’కి ముందు సున్నా ఉంటే ‘మ’తో కుదిరేది, కానీ ముందున్నది పై పాదం చివరి ‘డే’. రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి అనకండి, వృత్తంలో చెల్లదు.

అటకెక్కిన పుస్తకం:
అనబోయాను. మానుకున్నాను.

నల్లరేగడి:
యతి అక్షరాన్ని తేల్చింది, అర్థాన్ని తేల్చలేదు. పన్ను అంటే సిద్ధం చేయడం. గుర్రాన్ని పన్నడం అంటే జీను వేసి సవారీకి తయారు చేయడం. మన కాలానికి వ్యూహం పన్నడం, కుట్ర పన్నడం, పన్నుగడ ఇవే మిగిలాయి కాబట్టి అటక గారికి అనుమానం వచ్చింది. నా పేచీ వేరే. పక్షికి జీనేమిటి? గుర్రానికంటే సరే, పెగసస్‌ని లొంగదీయడానికి బెల్లెరోఫోన్‌కి ఎథీనా బంగారు కళ్లెం ఇచ్చింది. గరుడుడికి కళ్లెం ఎవరు చూశారు?

పాతపలక:
పెగసస్ ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా అమ్మాయి జంతిక గెలిచింది అక్కడే. ఆ గుర్రం పుట్టింది మబ్బులోంచి కాదు, మెడూసా తల తెగినప్పుడు. నరికినవాడు పెర్సియస్. పెర్సియస్ మనవరాలు ఆల్క్మీనీ, ఆవిడ కొడుకే మనవాడు. అంటే ముత్తాత కత్తివాదరన పుట్టిన గుర్రాన్ని మునిమనవడికి పుట్టినరోజు కానుక చేశారు! ముగ్గురు ముసలమ్మలు ఒకే కన్నును చేతులు మార్చుకోవడం కూడా ముత్తాత కథలోదే. వాళ్లు గ్రాయాయ్‌లు. సినిమాలో ఆ కన్ను విధిదేవతలకి పెట్టారు.

సైకిల్ బెల్లు:
అసలు పేరు దగ్గరే తప్పు. చుట్టూ జ్యూస్, హేడిస్, హేరా అని గ్రీకు పేర్లు పెట్టుకుని వీడొక్కడికి రోమన్ పేరు. గ్రీకులో హేరాక్లేస్, హేరా వల్ల కీర్తి పొందినవాడు. పురాణంలో హేరా సవతి తల్లి, ఉయ్యాల్లోకి పాముల్ని పంపింది. సినిమాలో ఆవిడే కన్నతల్లి. ఇంకో సంగతి, తెలుగులో అది హెర్క్యులీసా, హెర్క్యులసా? మా నాన్నగారి సైకిల్ ‘హెర్క్యులస్’. ఊరంతా అలాగే పిలిచేది. ‘లీస్’ అన్నవాణ్ని పట్నం వాడనేవారు.

కృష్ణ ఒడ్డు:
సైకిల్‌ని పన్నిస్తారా, మన్నిస్తారా? చర్చ పక్కకి పోతోంది.

గూడూరు గని:
అభ్రం సంగతి ఎవరూ ముట్టుకోలేదే. అమరకోశంలో రెండూ ఉన్నాయి, మేఘాల పేర్లలోనూ ఉంది, ఆకాశం పేర్లలోనూ ఉంది. అభ్రగం అంటే ఆకాశాన పోయేది, పక్షి. దాని పతి గరుడుడు. కాబట్టి ఇక్కడ ఆకాశమే. మేం గూడూరు వాళ్లం, మాకు అభ్రం అనగానే అభ్రకం గుర్తొస్తుంది. చిన్నప్పుడు పొరలు గోటితో లేపి ఎండకి పట్టుకునేవాళ్లం. పలుచని మబ్బు ముక్కలాగే ఉండేది.

నల్లరేగడి:
పాతపలక గారూ, మబ్బు గుర్రానికి ‘అభ్రాశ్వం’ అని పేరు పెట్టుకోవచ్చు మీ అమ్మాయి.

గూడూరు గని:
మనవాళ్లు ఏనుగుకి ఎప్పుడో పెట్టారు. అభ్రమాతంగం, ఐరావతం. దాని భార్య పేరు అభ్రము. గుర్రం ఆలస్యంగా వచ్చింది.

వడ్డించిన విస్తరి:
మీరందరూ సినిమా తప్పులు లెక్కపెడుతున్నారు కాబట్టి అడుగుతున్నా, తిట్టకండి. వ్యాసుడి అష్టమస్కంధంలో హరి గరుడుడి మీదే వస్తాడు, చేతిలో చక్రంతోనే వస్తాడు. “ఛందోమయేన గరుడేన సముహ్యమానః”. పోతన వాహనం తీసేశాడు, ఆయుధం తీసేశాడు, లక్ష్మీదేవి పైటచెంగు చేతికిచ్చాడు. హెర్క్యులీస్ తల్లిని మారిస్తే తప్పూ, ఇదైతే పద్యమూనా?

కృష్ణ ఒడ్డు:
ఇదెక్కడి పోలిక! తరవాతి పద్యంలో “దాని వెన్కను బక్షీంద్రుఁడు” వచ్చాడు, “వాని పొంతను” శంఖచక్రాలు వచ్చాయి. ఆ పైన “ఖండింపఁగాఁ బంపె” అని చక్రాన్ని పంపాడు కూడా. ఏదీ వదిలేయలేదు, వరస మార్చాడంతే.

వడ్డించిన విస్తరి:
వరసలోనే ఉంది కదండీ అంతా. వ్యాసుడి దగ్గర స్వామిని గరుడుడు మోశాడు. పోతన దగ్గర స్వామి వెనక పరిగెత్తాడు. నాకు పోతనే ఇష్టం. ఇష్టం కాబట్టి తప్పు అనను. సినిమా మీద ఇష్టం లేదు కాబట్టి గీతలు గీస్తున్నాం.

యతిమైత్రి:
ఈ పద్యానికి పోతనను శ్రీనాథుడు వెక్కిరించాడనే బావి, బండరాయి కథ ఎవరూ చెప్పకముందే మనవి, చెప్పకండి. అందరికీ వచ్చు. కట్టుకథ.

సైకిల్ బెల్లు:
టైప్ చేస్తున్నాను. చెరిపేశాను.

నల్లరేగడి:
మళ్లీ నా జీను దగ్గరికి. పన్నడు అనకుండా పన్నింపడు అని ప్రేరణార్థకం ఎందుకు వేశాడో ఇప్పుడు తట్టింది. దేవుడు తన చేత్తో జీను బిగించడు, బంట్ల చేత బిగించాలి. ఆ బంట్లనే పిలవలేదు, “ఏ పరివారంబునుఁ జీరఁడు”. పిలవలేదు కాబట్టి పన్నించలేదు. ఒక మాట ఇంకో మాటను లాగింది.

యతిమైత్రి:
బాగుంది. కానీ ఛందస్సుకి చాలక ‘ఇంచు’ తగిలించాడని కూడా అనొచ్చు.

నల్లరేగడి:
పోతనకి చాలకపోవడమా!

యతిమైత్రి:
అనొచ్చు అన్నాను. అన్నానని అనలేదు. గరుడుడికి జీను వేసినట్టు ఇంకే పద్యంలోనైనా చూపించండి, ఒప్పుకుంటాను.

పాతపలక:
ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. “వెనకాల పరిగెత్తాడంటే, ఎగరగలిగి ఉండి ఎందుకు పరిగెత్తాడు?” అంది. నా దగ్గర జవాబు లేదు, జంతికా లేదు.

కృష్ణ ఒడ్డు:
పరిగెత్తాడని పద్యంలో లేదమ్మా, “రా వచ్చి” అనే ఉంది. పరుగు విస్తరి గారి వడ్డన.

అటకెక్కిన పుస్తకం:
యతి ఒప్పుకున్నాను, జీను ఒప్పుకున్నాను. సాయంత్రం దీపం పెట్టి పద్యం చదివాను. నోటికి మన్నింపడనే వచ్చింది.