వ్యక్తిత్వం, సాహస చిత్రాలు, అక్షర రూపం: ఈ మూడింటి మీద చదవదగినవి ఏమున్నాయి?

ప్రశ్న: బెజవాడ పాఠకుడు

నమస్కారం. విజయవాడలో మా మిత్రబృందం నెలకొకసారి కలుసుకొని, చదివినవాటిలో మనసుకు పట్టినవాటిని ఒకరితో ఒకరం పంచుకుంటాము. ఈసారి మనిషి వ్యక్తిత్వం, సాహస చిత్రాలు, అక్షరాల రూపకల్పన అనే మూడు అంశాలను ఎంచుకున్నాము. లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలలో వెతికితే వ్యక్తిత్వ వికాసం పేరిట పుస్తకాలు చాలానే దొరికాయి గాని, అవి విజయానికి సూత్రాలు చెబుతాయే తప్ప, ఒకే ఇంట పుట్టిన ఇద్దరు ఎందుకంత భిన్నంగా ఉంటారన్న విషయం జోలికి పోవు.

నా అసలు సందేహం మరొకటి ఉంది. గోడ మీద సినిమా పోస్టరు చూడగానే, కథ తెలియకముందే, పేరు రాసిన తీరును బట్టి ఇది సాహస కథ అనీ, నాయకుడు తెగువ గలవాడనీ అనిపిస్తుంది. ఆ భావన అక్షరం ఆకారంలోనే ఉందా, లేక మన కంటి అలవాటా? దీని గురించి ఆధారాలతో చర్చించిన రచనలు తెలిసినవారు దయచేసి సూచించండి.

సమాధానం: గుంటూరు అధ్యాపకురాలు

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను కనుక మొదటి అంశానికే పరిమితమవుతాను. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువును ఆసాంతం జల్లెడ పట్టి, మనుషుల తీరును వర్ణించే మాటలను దాదాపు 18,000 ఏరారు. వాటిలో స్థిరమైన గుణాలను సూచించేవి సుమారు 4,500 అని తేల్చారు. తరువాతి పరిశోధకులు దశాబ్దాల పాటు ఆ జాబితాను వడపోయగా, కొత్తదనం పట్ల ఆసక్తి, కార్యదీక్ష, కలుపుగోలుతనం, సౌమ్యత, ఆందోళన చెందే స్వభావం అనే ఐదు పెద్ద గుణాలు మిగిలాయి. మీ బృందం ఒక్క విషయమే చదవగలిగితే ఈ చరిత్రనే చదవమంటాను, ఎందుకంటే పడికట్టు సూత్రాలకూ పరిశోధనకూ ఉన్న తేడా ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

దానితోపాటు 1948 నాటి బెర్‌ట్రమ్ ఫోరర్ ప్రయోగం గురించి కూడా చదవండి. ఆయన తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికే ప్రత్యేకమని నమ్మించి, అందరికీ ఒకే వర్ణన ఇచ్చారు. అది తమకు ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. ఫోనులో వచ్చే వ్యక్తిత్వ పరీక్షలను నమ్మే ముందు ఈ సంగతి తెలుసుకోవడం అవసరమని గట్టిగా అనుకుంటున్నాను.

సాహసానికి వస్తే, మార్విన్ జుకర్‌మన్ 1960లలో ఉత్కంఠను కోరుకునే స్వభావాన్ని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశారు. పాతాళ భైరవిలోని తోటరాముడి వంటివారిని ఆ కొలతతో చూడవచ్చు.

సమాధానం: గవర్నరుపేట డీటీపీ

అక్షరాల గురించి నాకు తెలిసింది చెబుతాను. 2012లో ఎరోల్ మోరిస్ అనే దర్శకుడు న్యూయార్క్ టైమ్స్‌లో, మీరు ఆశావాదులా నిరాశావాదులా అని అడుగుతూ ఒక పరీక్ష ప్రచురించారు. పాఠకులు తమ స్వభావాన్ని పరీక్షిస్తున్నారనుకున్నారు గాని, ఒకే పేరాను ఆరు ఫాంట్లలో మార్చి చూపించి, ఏ ఫాంటులో చదివినవారు ఎక్కువగా నమ్ముతారో గమనించడమే అసలు ఉద్దేశం. సుమారు 45,000 మంది పాల్గొన్న ఆ పరీక్షలో, 18వ శతాబ్దపు ఇంగ్లీషు ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ పేరిట ఉన్న ఫాంటులో చదివినవారు ఎక్కువగా ఏకీభవించారు. తేడా స్వల్పమే అయినా, మీ సందేహానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన రచన నా దృష్టికి రాలేదు.

అలవాటు సంగతికి ట్రేజన్ ఫాంటే ఉదాహరణ. రోములోని ట్రేజన్ స్తంభం మీద చెక్కిన అక్షరాల ఆధారంగా కెరల్ ట్వాంబ్లీ 1989లో దాన్ని రూపొందించారు. హాలీవుడ్ పోస్టర్ల మీద అది ఎంతగా కనిపించిందంటే, ఆ అక్షరం చూస్తేనే పెద్ద కథ వస్తోందని ప్రేక్షకులు అనుకునేటట్లయింది. తెలుగులో ఇంగ్లీషులోలాగా పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా లేదు. అందువల్ల మన టైటిళ్లు రాసే చిత్రకారులు తలకట్టును పదును చేసి, కొమ్మును సాగదీసి, ఒత్తును కిందికి కత్తిలా దించి ఆ బరువు తీసుకొస్తారు. నాకు ఈ పని మీద ఎంతో గౌరవం. మీరు కూడా ఒకే పేరాను మండలి, సూరన్న, రామభద్ర అనే ఉచిత ఫాంట్లలో అచ్చువేసి మీ మిత్రులకు తలొక ప్రతి ఇచ్చి చూడండి. అయితే రామభద్ర శీర్షికలకు తగిన లావుపాటి ఫాంటు కనుక పేరా చిన్నదిగా ఉండాలి.

సమాధానం: తెనాలి ప్రేక్షకుడు

అధ్యాపకురాలు గారి మాటతో ఒకచోట విభేదిస్తున్నాను. తోటరాముడు ఉత్కంఠ కోసం మాంత్రికుడి వెంట వెళ్లలేదు. తనంతటి సంపద తెస్తేనే కుమార్తెనిస్తానని రాజు షరతు పెట్టాడు కనుక వెళ్లాడు. 1951 నాటి ఆ చిత్రంలో కె.వి. రెడ్డి గారు చూపించింది అవసరంలోంచి పుట్టిన తెగువ. మా పక్క ఊరు బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ గారు 1971లో నటించిన మోసగాళ్ళకు మోసగాడు చూడండి. అక్కడ నిధి వేట, ఎడారి, గుర్రాలు అన్నీ ఉన్నాయి, నాయకుడికి ప్రమాదమంటే సరదా కూడా ఉంది. జుకర్‌మన్ కొలత ఆ పాత్రకు నప్పుతుంది. రెండు చిత్రాలనూ వెంటవెంటనే చూసి మాట్లాడుకుంటే మీ చర్చకు మంచి పునాది దొరుకుతుంది.

సమాధానం: గుంటూరు అధ్యాపకురాలు

మీ అభ్యంతరం న్యాయమైనదే, పైగా దానికి శాస్త్రంలోనూ చోటుంది. మనిషి ప్రవర్తనను గుణాల కంటే పరిస్థితులే ఎక్కువగా నడుపుతాయేమోనని వాల్టర్ మిషెల్ 1968లో ఒక పుస్తకం రాసి పెద్ద వాదానికి తెర తీశారు. తోటరాముడిని ఆ వాదం వైపు నుంచి, కృష్ణ గారి పాత్రను జుకర్‌మన్ వైపు నుంచి చర్చించవచ్చు. బెజవాడ పాఠకుడు గారూ, మీ జాబితాలో మిషెల్‌ను కూడా చేర్చుకోండి.